ఏ ఊరమ్మా మీది?

ఇద్దరు ఆడవాళ్లు కొత్తగా కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఇదే. బస్సులో పక్క సీట్లో కూర్చున్నా, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నా, పెళ్లి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నా "ఏ ఊరమ్మా మీది?" అంటారు. జవాబు చెప్పడం అంత తేలిక కాదు. పుట్టిన ఊరు చెప్పాలా, మెట్టిన ఊరు చెప్పాలా, జీతం తీసుకునే ఊరు చెప్పాలా? మగవాళ్లకు ఈ తికమక తక్కువ. నాది ఇంకాస్త ఎక్కువ తికమక. తెనాలి దగ్గర పుట్టి, జగిత్యాల ప్రాంతంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ సగం జీవితం గడిపినదాన్ని. 2009 డిసెంబరు తర్వాత నాలుగైదేళ్లపాటు స్టాఫ్ రూములో ఎవరైనా "మీదే ఊరు మేడం?" అంటే అది ఊరి గురించిన ప్రశ్న కాదని అడిగినవాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పట్లో ఆ ప్రశ్న నన్ను నొప్పించేది. అది అడిగే హక్కు వాళ్లకు ఎందుకుందో అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఈ ప్రశ్నను మళ్లీ కొత్తగా వినాల్సి వచ్చింది 2024 దసరా సెలవుల్లో. ఇంటర్‌లో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇంటికొచ్చింది. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం, తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్, హైదరాబాదులో ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లి బీడీలు చేస్తుంది. తండ్రి దుబాయిలో కొన్నేళ్లు, ఇంటి దగ్గర కొన్నేళ్లు. అమ్మాయికి ఎంబీఏ చేయాలని ఉంది. మూడు అమెరికా బిజినెస్ స్కూళ్లకు, ఒక యూరప్ స్కూలుకు దరఖాస్తులు పెట్టుకుంటోంది. నేను సిఫారసు ఉత్తరం రాయాలని కాదు, అది ఆఫీసులో పైవాళ్లు రాస్తారు. తన వ్యాసాలు చదివి దిద్దిపెట్టమని వచ్చింది.

దరఖాస్తు నమూనా చూపించింది. పుట్టిన దేశం, పౌరసత్వం, ప్రస్తుతం ఉంటున్న దేశం, డిగ్రీ చదివిన భాష. "మొదటి మూడు గళ్లలోనూ ఇండియా అని రాసిన మేడం. నాలుగోదాంట్ల ఇంగ్లీష్ అని రాసిన. అన్నీ నిజమే. కానీ ఎక్కడనో అబద్ధం చెప్పినట్టు అనిపిస్తున్నది" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ మాట గురించే.

విదేశీ బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తు పెట్టేవాళ్ల లోకంలో అందరికీ తెలిసిన ఒక మాట ఉంది. భారతదేశం నుంచి, అందులోనూ ఇంజినీరింగ్ చదివి, ఐటీలో పనిచేసి వచ్చే దరఖాస్తులు కుప్పలుగా ఉంటాయి. ఆ కుప్పలోంచి పైకి తేలడం కష్టం. అదే చదువు, అవే మార్కులు, అదే అనుభవం దరఖాస్తులు తక్కువగా వచ్చే దేశం మనిషికి ఉంటే దారి సులువు. కోటాలేమీ లేవని స్కూళ్లు అంటాయి. కానీ తరగతిని రకరకాల చోట్ల మనుషులతో 'కూర్చుతాము' అని కూడా అవే అంటాయి. ఏ ఒక్క దేశంవాళ్లూ తరగతిలో ఎక్కువైపోకుండా చూసుకోవడాన్ని గొప్పగా చెప్పుకునే స్కూళ్లూ ఉన్నాయి. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో బయటివాళ్లకు తెలియదు.

డబ్బు తీసుకుని సలహాలిచ్చే కన్సల్టెంటు మా అమ్మాయికి ఇదే చెప్పాడట. "నువ్వు కుప్పలో ఉన్నావు. బయటికి రావాలంటే నీ దగ్గరున్నది ఒక్కటే, మీ అమ్మ. ఆమె గురించి రాయి" అన్నాడట. అమ్మాయి రాసుకొచ్చింది. నేను ఎర్ర పెన్ను తీసుకుని దిద్దాను. దిద్దుతూ ఒక పేరా పక్కన 'ఇక్కడ అమ్మ కష్టం ఇంకొంచెం రావాలి' అని రాశాను. ఆ ఒక్క వాక్యం గురించి తర్వాత చెబుతాను.

ముందు అసలు ప్రశ్న. మనిషి నిలబడ్డ చోటును లెక్కలోకి తీసుకోవడం న్యాయమేనా?

తీసుకోకూడదనేది ఒక వాదన. ఎక్కడ పుట్టాలో ఎవరూ ఎంచుకోరు. ఎంచుకోనిదానికి బహుమానమూ ఉండకూడదు, శిక్షా ఉండకూడదు. అందరికీ ఒకే పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులను బట్టి సీట్లిస్తే సరిపోతుంది. వినడానికి శుభ్రంగా ఉంటుందీ వాదన. కానీ జాన్ రాల్స్ 1971లో 'న్యాయ సిద్ధాంతం' రాస్తూ దీన్ని చివరిదాకా లాగి చూపించాడు. పుట్టిన చోటు ఎవరి ఘనతా కాకపోతే, పుట్టుకతో వచ్చిన తెలివీ ఎవరి ఘనతా కాదు, ఆ తెలివికి సాన పట్టిన ఇల్లూ ఎవరి ఘనతా కాదు. మా ఇంట్లో మూడు తరాలుగా పుస్తకాలున్నాయి. మా అమ్మాయి ఇంట్లో మొదటి ఇంగ్లీషు పుస్తకం నేనిచ్చిన నిఘంటువు. మా ఇద్దరికీ ఒకే పరీక్ష పెడితే ఆ పరీక్ష కొలిచేది ఏమిటి? చోటును పక్కన పెట్టాం అనుకున్నప్పుడు కూడా అది మార్కుల్లోకి దూరి కూర్చునే ఉంటుంది. 'ప్రతిభ' అనే మాట వెనక ఎవరి ఇల్లుందో అడగడం మనకు కొత్త కాదు. మండల్ రోజుల నుంచి అడుగుతూనే ఉన్నాం.

తీసుకోవాలనేది రెండో వాదన. రకరకాల చోట్ల మనుషులుంటే తరగతిలో అందరికీ చదువు బాగా వస్తుంది అంటారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో పాఠం అంటే ఉపన్యాసం కాదు. ఒక కంపెనీ సమస్యను ముందు పెట్టుకుని సుమారు తొంభైమంది ఒక గదిలో వాదించుకుంటారు. అందరూ ఒకే చోటినుంచి వస్తే అందరికీ తోచేది ఒకటే కావచ్చు. నిజమే. కానీ ఈ లెక్కలో మా అమ్మాయి ఎందుకు కావాలి? తన చదువు కోసం కాదు, మిగతా ఎనభైతొమ్మిదిమంది చదువు కోసం. వాళ్లకు ఆమె ఒక పాఠ్యాంశం. ఒకతె చాలు. రెండో ఆమె వస్తే పాత పాఠమే మళ్లీ చెప్పినట్టు. మనిషిని మరొకరి పనికి సాధనంగా మాత్రమే వాడుకోకూడదన్న కాంట్ మాటను తత్వశాస్త్రం మొదటి ఏడాదిలోనే చెబుతారు.

అసలు ఈ 'రకరకాల చోట్లు' అనే ఆలోచనకు ఒక చరిత్ర ఉంది, అది అంత అందమైనది కాదు. 1920ల మొదట్లో హార్వర్డ్ కళాశాలలో యూదు విద్యార్థుల సంఖ్య పెరిగింది. పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకుని వచ్చినవాళ్లు వాళ్లు. 1922లో అధ్యక్షుడు లోవెల్ వాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టాలని బాహాటంగానే ప్రతిపాదించాడు. గొడవైంది. అధ్యాపకుల కమిటీ బాహాటమైన కోటాను ఒప్పుకోలేదు. తర్వాత వేరే దారి దొరికింది. దేశం నలుమూలల నుంచీ విద్యార్థులు రావాలి అన్నారు, శీలం చూడాలి అన్నారు, వ్యక్తిత్వం చూడాలి అన్నారు. యూదు కుటుంబాలు ఎక్కువగా ఉన్నది న్యూయార్క్, బోస్టన్ లాంటి తూర్పు నగరాల్లో. నలుమూలలకూ సీట్లు పంచితే ఎవరికి తగ్గుతాయో లెక్క వేయడం కష్టం కాదు. జెరోమ్ కారబెల్ 2005లో తెచ్చిన 'ద చోజెన్' అనే పుస్తకంలో ఈ కథంతా వివరంగా రాశాడు. మార్కులతో పాటు మొత్తం మనిషిని చూస్తాం అనే ఇవాళ్టి పద్ధతికి తాతముత్తాతలు వీళ్లే. తాత చెడ్డవాడైతే మనవడు కూడా చెడ్డవాడే కానక్కర్లేదు. కానీ మనవడు 'చోటు' అన్నప్పుడు దాని వెనక ఎవరున్నారో అడగాల్సిన బాధ్యత మనకుంది.

అదే విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకు చోటు అంటే అక్షరాలా చోటే. నదికి ఒక ఒడ్డున బిజినెస్ స్కూలు, మరో ఒడ్డున స్త్రీల కళాశాల రాడ్‌క్లిఫ్. 1937 నుంచి ఆడవాళ్లకు రాడ్‌క్లిఫ్‌లో విడిగా ఒక శిక్షణ నడిపారు. బిజినెస్ స్కూలు అధ్యాపకులే అక్కడ పాఠాలు చెప్పేవారు. చదువు నది దాటి వచ్చేది. చదువుకునే ఆడవాళ్లు మాత్రం నది దాటి పూర్తి ఎంబీఏలో మొదటి ఏడాదినుంచీ కూర్చోవడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఎనిమిదిమంది.

'స్థానికత' అన్న మాట వింటే తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ముల్కీ గొడవలు, 1969, ఆరుసూత్రాల పథకం, 371-డి అధికరణం... ఇవన్నీ మన ఇళ్లలో అన్నాల దగ్గర మాట్లాడుకున్న విషయాలే. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికులంటే ఎవరు? అక్కడ పుట్టినవాళ్లు అని కాదు, ముఖ్యంగా వరసగా నాలుగేళ్లు అక్కడ చదువుకున్నవాళ్లు. రాష్ట్రం విడిపోయాక కూడా పదేళ్లపాటు, 2024 జూన్ 2 దాకా, పాత ఏర్పాటే నడిచింది. తర్వాత తెలంగాణ పెట్టిన నాలుగేళ్ల చదువు నిబంధన మీద వైద్య సీట్ల విషయంలో వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరులో కోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఈ పద్ధతివల్ల సీటు పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. ఈ పద్ధతి లేకపోతే ఎన్నటికీ సీటు రాని పిల్లలూ నాకు తెలుసు, వాళ్లకే నేను ఎక్కువకాలం పాఠాలు చెప్పాను. దీన్ని మెచ్చుకునేవాళ్లున్నారు, తిట్టేవాళ్లున్నారు. కానీ రెండు విషయాలు దీనిలో ఉన్నాయి. ఒకటి, చోటు అంటే ఏమిటో ముందే కాగితం మీద రాసి ఉంటుంది. మనిషి పుట్టుకను కాదు, ఆమె ఏ బడి బెంచీ మీద కూర్చుందో అడుగుతుంది. రెండు, సీటు రానివాళ్లకు ఎందుకు రాలేదో తెలుస్తుంది. ఎంసెట్ ర్యాంకు ఎంతదాకా సీటొచ్చిందో అందరికీ కనిపిస్తుంది. తిట్టుకోవచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు, ఉద్యమం చేయవచ్చు. ఒక ప్రాంతమే అలా ఉద్యమం చేసింది.

బిజినెస్ స్కూలు 'లేదు' అన్నప్పుడు కారణం చెప్పదు. మా అమ్మాయికి అమెరికా స్కూళ్లలో రెండు లేదన్నాయి. మూడోది కొన్ని నెలలు ఎదురుచూడమని చెప్పి, ఆ తర్వాత లేదంది. ఉత్తరాలు మర్యాదగా ఉన్నాయి. మార్కులు తక్కువయ్యాయా, వ్యాసం బాగాలేదా, ఇండియా కుప్పలో కింద ఉండిపోయిందా... ఎప్పటికీ తెలియదు. కాబట్టి నేను కూడా ఇక్కడ 'ఆమె చోటువల్లే రాలేదు' అని రాయలేను, రాయడం లేదు. నా ఫిర్యాదు వేరు. ఒక మనిషి జీవితం గురించి నిర్ణయం తీసుకున్నవాళ్లు దానికి కారణం చెప్పనక్కర్లేదు అనుకోవడమే ఒక అధికారం. కారణం తెలియనివాళ్లు తమనే తప్పు పట్టుకుంటారు. ఆడపిల్లలు ఇంకాస్త త్వరగా పట్టుకుంటారు. "నాకే ఏదో తక్కువ మేడం" అంది.

ఇక్కడ నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచింది ఒకటి చెప్పాలి. 'ఇండియా కుప్ప' అంటారే, ఆ కుప్ప ఎవరిది? ఎక్కువగా నగరాలవాళ్లది, ఇంగ్లీషు ఇళ్లవాళ్లది, మగపిల్లలది, పై కులాలది. మన దేశంలో సాంకేతిక విద్య ఎలా ఒక వర్గం ఆస్తి అయిందో అజంత సుబ్రమణియన్ ఐఐటీల చరిత్ర ద్వారా 2019లో పుస్తకమే రాసింది. బీసీ కులంలో, బీడీల చాట పక్కన కూర్చుని చదువుకున్న ఈ అమ్మాయిని ఇక్కడ వాళ్ల వరసలో ఎవరూ నిలబడనివ్వలేదు. అక్కడికి వెళ్లేసరికి ఆమెను సరిగ్గా వాళ్ల వరసలోనే, వాళ్ల వెనక నిలబెట్టారు. 'మీవాళ్లు చాలామంది వచ్చేశారు' అన్నారు. ఎవరు ఆమెవాళ్లు? దేశం అనే గడి ఇక్కడి తేడాలన్నిటినీ మింగేసింది. ఇక్కడ ఆమెను వేరు చేసినవే అక్కడ కనబడకుండా పోయాయి. ఇటు వేరు చేసినందువల్లా, అటు కలిపేసినందువల్లా నష్టం ఆమెదే. మరోవైపు చూస్తే, అరుదైన చిన్న దేశపు పాస్‌పోర్టుతో, ఖరీదైన అంతర్జాతీయ బడుల్లో పెరిగిన రాయబారి కొడుకు 'వైవిధ్యం' కింద లెక్కకొస్తాడు.

1990లలో, 2000లలో మన సాహిత్యంలో నడిచిన చర్చ గుర్తొస్తోంది. 'స్త్రీ' అంటున్నారు, ఏ స్త్రీ అని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు, బీసీ స్త్రీలు అడిగారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు నాలాంటివాళ్లు మా చోటేదో చూసుకోక తప్పలేదు. అంతకు చాలా ముందు, 1984లో, ఏడ్రియన్ రిచ్ యుట్రెక్ట్‌లో ప్రసంగిస్తూ 'చోటు రాజకీయం' అనే మాట తెచ్చింది. స్త్రీగా తనకు దేశం లేదని వర్జీనియా వూల్ఫ్ 1938లో రాసిన మాటను తీసుకుని, అంత సులువుగా దేశాన్ని వదిలించుకోలేం అంది. తన శరీరం, దాని రంగు, తన పాస్‌పోర్టు తనకు తెరిచిన తలుపులు, వీటన్నిటికీ తాను జవాబుదారీ అని చెప్పింది. ఆమె దృష్టిలో చోటు అంటే గొప్ప చెప్పుకునేది కాదు, అమ్ముకునేది కాదు. నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో ముందు నేనే తెలుసుకోవడం. దరఖాస్తు అడిగే చోటు దీనికి తలకిందులు. అక్కడ చెప్పేది బలం లేనిది, వినేది బలం ఉన్నది. జవాబుదారీ ఎప్పుడూ చెప్పేవాళ్లదే.

ఇప్పుడు నా ఎర్ర పెన్ను గురించి.

దిద్దిన వ్యాసం అమ్మాయి ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఆదివారం నన్నూ భోజనానికి పిలిచారు. తల్లి వాకిట్లో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నానబెట్టిన తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. చూపు ఎటున్నా వేళ్లు ఆగవు. "నా గురించి రాసినవట గదా, సదువు" అంది కూతురితో. అమ్మాయి ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబుతూ పోయింది. చదువులేని తల్లి, వెయ్యి బీడీలకు వచ్చే కొద్దిపాటి కూలి, తంబాకు ఘాటుకు దగ్గు, డబ్బు పంపని భర్త, నోరెత్తని ఓర్పు. నేను 'ఇంకొంచెం రావాలి' అన్నచోట ఇంకొంచెం వచ్చింది.

ఆమె అంతా విన్నది. "గదంతా నిజమే బిడ్డా" అంది. "గని నేను గింతేనా నీ కండ్లకు? పీఎఫ్ నంబర్ల కోసం అందర్ని జమ జేసి ధర్నాకు తీస్కపోయింది రాయలే? మీ నాయిన పైసలు పంపని మూడేండ్లు చిట్టి నడిపి నీకు ఫీజు కట్టింది రాయలే? నోరెత్తని మనిషిననా నేను? అడుగు వాడకట్టుల." అమ్మాయి మాట్లాడలేదు. ఆమె నా వైపు తిరిగింది. "నన్ను జూసి అయ్యో పాపం అని సీటిస్తరా మేడం వాళ్లు? గట్లయితే మనకద్దు."

చంద్ర తల్పదే మోహంతి 1984లో రాసిన వ్యాసం నేను చదివాను, ఒక పునశ్చరణ తరగతిలో దాని గురించి మాట్లాడాను కూడా. పశ్చిమ దేశాల పండితులు 'మూడో ప్రపంచపు స్త్రీ' అనే ఒక బొమ్మను ఎలా తయారు చేస్తారో, చదువులేనిది, బీదది, సంప్రదాయానికి కట్టుబడింది, బాధితురాలు అంటూ, అందులో వివరంగా ఉంది. ఆ బొమ్మను ఈసారి తయారు చేసింది పశ్చిమ దేశం కాదు. జగిత్యాల పక్కన ఒక డాబా ఇంట్లో కూర్చుని, స్త్రీవాదం చదువుకున్న నేను. కొనేవాళ్లు ఏం కోరతారో ఊహించి, అడగకముందే సరుకు సర్దిపెట్టాను. ఆ తల్లిని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ల మాటల్లోనే వినాలని 'మనకు తెలియని మన చరిత్ర' 1986లోనే మనకు నేర్పింది. ఆ పుస్తకం నా బీరువాలో ఉంది.

కాబట్టి చోటును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఒక్కటే ప్రశ్న కాదని నాకు అర్థమైంది. తీసుకుంటే ఎవరు చెప్పగా వినాలి, ఎంత చిన్న చోటు దాకా వెళ్లాలి, చెప్పినందుకు తిరిగి ఏమివ్వాలి? మనిషి సాధించినదాన్ని ఆమె నిలబడ్డ నేలతో కలిపి చదవాలనే నేను ఇప్పటికీ అంటాను. నేలనుంచి విడదీస్తే ఆ సాధన అర్థం కాదు. కానీ దేశం అనే గడి చాలదు. ఏ భాషలో మొదటి పదేళ్లు చదివావు, ఇంట్లో నీకంటే ముందు కాలేజీకి వెళ్లినవాళ్లున్నారా, బడినుంచి వచ్చాక ఏం పని చేసేదానివి... ఇలాంటివి అందరినీ, ఏ దేశంవాళ్లనైనా, బోస్టన్ పిల్లనైనా సూటిగా అడగొచ్చు. అప్పుడు కన్నీళ్లు తెప్పించేలా ఎవరు బాగా రాయగలరన్న పోటీ ఉండదు. ఇంకొకటి, కారణం చెప్పాలి. రెండు వాక్యాలైనా సరే.

ఇంత చేసినా, తలుపు ఒక్కటే కాదు. స్కూలు 'రా' అన్నాక కాన్సులేటు ఉంటుంది. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు పెట్టకముందు మనవాళ్లు వీసా కోసం చెన్నై రైలెక్కేవారు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ. దూరం తగ్గింది కానీ ప్రశ్న మారలేదు. అమెరికా వలస చట్టం 214(బి) ప్రకారం, విద్యార్థి వీసా అడిగేవాళ్లు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ముందుగా అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. స్కూలేమో 'ప్రపంచమంతా నీదే అనుకుని కల కను' అంటుంది. కిటికీ వెనక అధికారి 'నీ ఊరికి నిన్ను కట్టి ఉంచేదేమిటి?' అంటాడు. ఆస్తా? 1986 చట్టంతో మన రాష్ట్రం ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చింది, 2005లో దేశమంతా ఇచ్చింది. కాగితం మీద పేరున్న ఆడపిల్లలు ఎంతమంది? బ్యాంకు రుణం ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టుకు అడిగేదీ ఆ కాగితమే. పెళ్లా? బిజినెస్ స్కూళ్లు నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లను కోరతాయి, అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు. మన ఇళ్లలో సరిగ్గా ఆ వయసుకు ఆడపిల్లకు 'ఇంకెప్పుడు?' అనే ప్రశ్న గొంతు దాకా వస్తుంది. 

2025 మే చివర్లో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం జూన్ మూడో వారం దాకా ఆపేసినప్పుడు, చేతిలో సీటున్న పిల్లలు నిద్రలేకుండా గడిపారు. అదే జూన్‌లో పన్నెండు దేశాల పౌరుల రాకను, కొన్ని మినహాయింపులతో, అమెరికా నిషేధించింది. అందులో అఫ్ఘానిస్తాన్ ఉంది. 2022 డిసెంబరు నుంచి తాలిబన్లు ఆడవాళ్లను విశ్వవిద్యాలయాలకు రానివ్వని దేశం అది. అక్కడి అమ్మాయికి తన దేశంలో చదువు లేదు, ఆడది కాబట్టి. ఆ దేశానికి రావద్దన్నారు, ఈ దేశంలో పుట్టింది కాబట్టి. మా అమ్మాయి బాధను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. చోటు అనేది మనిషిని ఎంతదాకా మూసేయగలదో చూడమని చెబుతున్నాను.

మా అమ్మాయి వ్యాసం తిరిగి రాసింది. ఈసారి తల్లి పక్కన కూర్చుని రాసింది. చిట్టి లెక్కలు ఎలా రాసుకునేదో, చదువు రాని మనిషి ఇరవైమంది వాయిదాలు గోడ మీద బొగ్గు గీతలతో ఎలా గుర్తు పెట్టుకునేదో, ఎగ్గొట్టినవాళ్లతో ఎలా మాట్లాడేదో రాసింది. డబ్బు నిర్వహణ మొదట చూసింది అక్కడే అని రాసింది. నేను వ్యాకరణం తప్ప ఏమీ ముట్టుకోలేదు. యూరప్ స్కూలు సీటిచ్చింది, కొంత స్కాలర్‌షిప్ కూడా. 2025 ఆగస్టులో వెళ్లింది. అమెరికా స్కూళ్లకూ ఈ రెండో వ్యాసమే పంపింది కాబట్టి, ఇది మంచిది, అది చెడ్డది అని ఫలితాలను బట్టి తేల్చడానికి వీల్లేదు. మొదటిది పంపి ఉంటే ఏమయ్యేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఒకవేళ సీట్లు ఎక్కువే వచ్చి ఉంటే? ఆ తల్లి ముందు నిలబడి 'చూశావా' అనగలిగేదాన్నా? అనలేనని ఇప్పుడు తెలుసు. ఆ రోజు ఎర్ర పెన్ను పట్టుకున్నప్పుడు తెలియదు.

మొన్న ఫోన్ చేసింది. మొదటిరోజు తరగతిలో అందరూ పరిచయాలు చేసుకున్నారట. పక్క సీటు పిల్ల, నైజీరియా నుంచి వచ్చినామె, "మీదెక్కడ?" అని అడిగిందట.

"ఏం చెప్పావమ్మా?" అన్నాను.

"ముందు ఊరి పేరు చెప్పిన మేడం. తర్వాత జిల్లా, తర్వాత రాష్ట్రం, అప్పుడు ఇండియా. ఆమెకు అర్థం కాలే. మ్యాప్ తెరిచి చూపియ్యమన్నది. చూపిచ్చిన. తర్వాత ఆమె ఊరు నాకు చూపిచ్చింది."